లేని పిన్ను

ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి అనే అయిదు ప్రమాణాలకు తోడుగా అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా భాట్టమీమాంసకులూ అద్వైతులూ అంగీకరిస్తారు. ఉండవలసిన చోట ఒక వస్తువు కనబడకపోవడమే ఆ వస్తువు యొక్క అభావాన్ని తెలిపే జ్ఞానసాధనమని వారి సిద్ధాంతసారం. నేలమీద ఘటం లేదని తెలియడం దీనికి సంప్రదాయసిద్ధమైన ఉదాహరణ. ఇరవై ఎనిమిదేళ్ళపాటు సంస్కృతోపన్యాసకుడిగా ఈ ఉదాహరణనే తరగతి గదిలో చెప్పాను. అంతకాలమూ అది నాకు పాఠ్యాంశం మాత్రమే. యాభై ఏడవ ఏట, మా ఇంటి ముందుగదిలో, మొట్టమొదటిసారి ఒక డెస్క్‌టాప్ కంప్యూటరును స్వహస్తాలతో కూర్చుతుండగా, లేని ఘటానికి బదులు లేని పిన్ను ఒకటి ఆ పాఠాన్ని నాకు మళ్ళీ చెప్పింది. చెప్పించినవారు మా నాన్నగారు. వారు మీమాంస చదివినవారు కారు. తెనాలిలో నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవారు.

మా అమ్మాయి ఆర్కిటెక్చరు చదువుతోంది. భవనాల నమూనాలను త్రిమితీయంగా గీయడానికి శక్తిమంతమైన యంత్రం కావాలని, సిద్ధంగా దొరికేదానికంటె భాగాలు విడివిడిగా కొని కూర్చుకోవడం మేలని, హాస్టలు నుంచి ఒక జాబితా వ్రాసి పంపింది. ఆ జాబితా పట్టుకొని సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి అన్నీ కొన్నాను. అరవై నాలుగు వేల రూపాయలు అయింది. పదవీవిరమణకు దగ్గరపడిన నా వంటివానికి అది చిన్న మొత్తం కాదు. "శనివారం వచ్చి నేనే బిగిస్తాను, మీరు పెట్టెలు విప్పకండి నాన్నా" అని అమ్మాయి ఫోనులో హెచ్చరించింది. నేను బుధవారం సాయంత్రమే విప్పాను. గ్రంథం చదివి అర్థం చేసుకోగలిగినవానికి అసాధ్యమైన పని ఏముంటుందనే అహంకారం నా చేత ఆ పని చేయించింది.

అమ్మ పోయిన తరువాత నాన్నగారు మా ఇంట్లోనే ఉంటున్నారు. ఎనభై నాలుగేళ్ళు. నీటికాసుల వ్యాధి వల్ల ఎడమకంటి చూపు పూర్తిగానూ, కుడికంటి చూపు చాలావరకూ పోయాయి. చేతులు వణుకుతాయి. ఆ సాయంత్రం వారు పడక కుర్చీలో కూర్చుని, అట్టపెట్టెలు చిరుగుతున్న చప్పుడు వింటున్నారు. ఏమి చేస్తున్నావని ఒక్కసారి అడిగారు. "మీకు తెలిసే వస్తువు కాదులెండి నాన్నగారూ" అన్నాను. వారు మిన్నకున్నారు.

పెద్ద భాగాలు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ప్రాసెసరుకు ఒక మూల గుర్తు ఉంటుంది, మెమరీ పలకకు ఒకచోట గాడి ఉంటుంది, మదర్‌బోర్డుకు విద్యుత్తు నిచ్చే ఇరవై నాలుగు పిన్నుల తీగకు ఒక ప్రక్కన కొక్కెం ఉంటుంది. తలక్రిందులుగా పెట్టబోతే లోపలికి పోవు. మనిషి పొరపాటును ముందుగానే ఊహించి, దానికి అడ్డుకట్ట వేసి నిర్మించిన వస్తువులవి. ప్రాసెసరుకు విడిగా వెళ్ళే ఎనిమిది పిన్నుల విద్యుత్ తీగ ఒక్కటి కష్టపెట్టింది. దాని స్థానం బోర్డుకు పైభాగాన ఎడమ మూలన, పెట్టె అంచుకు ఆనుకొని ఉంటుంది, వేళ్ళు పట్టవు. కనుక పడుకోబెట్టిన పెట్టెను అటునుంచి ఇటు త్రిప్పి, పైభాగం నా వైపుకు వచ్చేలా పెట్టుకొని, ఎలాగో బిగించాను. మళ్ళీ త్రిప్పి యథాస్థానంలో పెట్టలేదు. ఈ స్వల్పవిషయాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి. నేను మరిచిపోయాను.

ఇక మిగిలినవి పెట్టె ముందుభాగం నుంచి వచ్చే తీగలు. ఒక యూఎస్‌బీ తీగ మందంగా, మొండిగా, పందొమ్మిది పిన్నులమీద కూర్చునేది. ఇంకొక పాత తరం యూఎస్‌బీ తీగ, చెవిలో పెట్టుకొనే సాధనాలకు ఉద్దేశించిన ఆడియో తీగ, చూడడానికి కవలల వలె ఉంటాయి. రెండింటికీ అయిదేసి రంధ్రాల వరుసలు రెండు. అయితే పది స్థానాలలో ఒక స్థానం మూసి ఉంటుంది. యూఎస్‌బీకి ఆ మూసినది వరుస చివరన, ఆడియోకు చివరినుంచి రెండవ చోట. బోర్డు మీద సరిగ్గా ఆ స్థానంలోనే పిన్ను ఉండదు. ఆ కారణం చేత ఒకదాని చోట ఇంకొకటి దూరదు. ఇవి కూడా నిర్విఘ్నంగానే కూర్చున్నాయి.

చివరకు నాలుగు సన్నని తీగల జంటలు మిగిలాయి. ఒకటి పవర్ స్విచ్, ఒకటి రీసెట్ స్విచ్, ఒకటి హార్డ్‌డిస్క్ పని చేస్తున్నప్పుడు మినుకుమనే దీపం, ఒకటి యంత్రం వెలిగి ఉన్నదని తెలిపే దీపం. మొదటి మూడింటి చివర గోరంత తొడుగు, దానికి రెండు రంధ్రాలు. నాలుగవదానికి ప్లస్, మైనస్ తీగలు వేర్వేరు ఒంటి తొడుగులతో ఉన్నాయి. ఇవన్నీ బోర్డు అడుగు అంచున ఉన్న ఒకే పిన్నుల గుంపుమీద కూర్చోవాలి. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. ఇక్కడ ఏ అడ్డుకట్టా లేదు. రెండు రంధ్రాల తొడుగు ఏ రెండు ప్రక్క పిన్నులమీదనైనా సునాయాసంగా దిగిపోతుంది. తప్పుకూ ఒప్పుకూ స్పర్శలో భేదం తెలియదు.

నేను పుస్తకం తెరిచి, అందులోని పటాన్ని ఎదుట పెట్టుకొని, శ్లోకానికి ప్రతిపదార్థం వ్రాసినంత శ్రద్ధగా ఒక్కొక్క తొడుగునూ దిగవేశాను. హార్డ్‌డిస్క్ దీపం తొడుగు మాత్రం ఒక ప్రక్క పట్టు లేకుండా వ్రేలాడినట్లు తోచింది. చౌకగా తయారుచేశారు కాబోలు అనుకొని ఊరుకున్నాను.

మీట వేసి, బొత్తాం నొక్కాను. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాను. గట్టిగా, మెల్లగా, నొక్కి పట్టి, అన్ని విధాలా నొక్కాను. ఫ్యాను కదలలేదు, దీపం వెలగలేదు. పుస్తకాన్ని మొదటి పుట నుంచి తిరిగి చదివాను. ఒక్కొక్క పెద్ద తీగనూ ఊడదీసి మళ్ళీ పెట్టాను. గంటన్నర గడిచింది. ఒంటినుంచి పుట్టే స్థిరవిద్యుత్తు తగిలి బోర్డు పాడవుతుందని ఎక్కడో చదివిన మాట జ్ఞాపకం వచ్చి, చేతులు చల్లబడ్డాయి. అరవై నాలుగు వేలు, అమ్మాయి హెచ్చరిక, నా అహంకారం మూడూ కలిసి ఒకేసారి కళ్ళ ముందు నిలిచాయి.

"ఏంరా, లేవలేదా?" అన్నారు నాన్నగారు చీకటివైపు నుంచి.

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. అయినా నా మనస్సు నలభై ఏళ్ళు వెనక్కు వెళ్ళింది.

1983 వేసవి. నాకు పదహారేళ్ళు. సెలవులలో నాన్నగారి దుకాణంలో కూర్చునేవాణ్ణి. ఒక రైతు బాగుచేయించుకోవడానికి తెచ్చిన ట్రాన్సిస్టరు సెట్టుకు బ్యాటరీ తీగలు రెండూ తిరిగి అతికించే పని నాన్నగారు నా చేతికిచ్చారు. సాల్డరింగ్ ఐరన్ పట్టుకొని, ఎంతో గర్వంగా అతికించాను. తారుమారుగా అతికించాను. సెట్టు పలకలేదు, కమురు వాసన వచ్చింది. లోపలి ట్రాన్సిస్టర్లు పోయాయి. నాన్నగారు నా చేతిలోని ఐరన్ మెల్లగా తీసుకొని, "నీకు చదువే మేలురా, ఇంటికి వెళ్ళు" అన్నారు. భాగాలు సొంత డబ్బుతో కొని ఆ రైతుకు సెట్టు బాగుచేసి ఇచ్చారు. తరువాత ఎప్పుడూ నన్ను ఆ బల్ల దగ్గరకు పిలవలేదు.

ఆ మాటను నేను తీర్పుగా స్వీకరించాను. నా చేతులమీద నాన్నగారికి నమ్మకం లేదని, నేను వారికి పనికిరానివాణ్ణని నిశ్చయించుకున్నాను. మనస్సు గాయాన్ని గాయంగా ఎక్కువకాలం ఉంచుకోదు, దానికి ఏదో ఒక వేషం వేస్తుంది. నా గాయం పాండిత్యపు వేషం వేసుకున్నది. చేతిపని హీనమైనదని, శాస్త్రచర్చయే శ్రేష్ఠమని నాకు నేను చెప్పుకున్నాను. ఒకసారి మా కళాశాల సభకు నాన్నగారు వచ్చినప్పుడు, వారి వృత్తి ఏమిటని ఒక పెద్దమనిషి అడిగితే, "వ్యాపారం" అన్నాను. సాల్డరింగ్ మచ్చలున్న వేళ్ళతో నమస్కారం చేస్తూ నాన్నగారు ఆ మాట విన్నారు. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ ప్రసక్తి తేలేదు.

"లేవలేదు నాన్నగారూ. బోర్డు కాలిపోయిందేమో" అన్నాను.

"వాసనేం రాలేదే. ఆ బొత్తాం దేనికి పోతుంది?"

చెప్పాను. పూర్వపు యంత్రాలలో బొత్తాం నేరుగా ఇంటి విద్యుత్తునే కలిపేది, తెంపేది. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ పద్ధతిలో అలా కాదు. గోడ మీట వేసి ఉన్నంతసేపూ అయిదు వోల్టుల సన్నని ధార బోర్డులో నిలిచే ఉంటుంది. బొత్తాం నొక్కితే రెండు పిన్నులు ఒక్క క్షణం కలుస్తాయి. ఆ సంకేతాన్ని గ్రహించి బోర్డు విద్యుత్ పెట్టెకు లేవమని చెబుతుంది. యంత్రం మొరాయించినప్పుడు అదే బొత్తాన్ని సుమారు నాలుగు క్షణాలు నొక్కి పట్టుకుంటే ఆరిపోతుంది.

నాన్నగారు కాసేపు ఆలోచించారు. "అంటే కాలింగ్ బెల్లు లాంటిదన్నమాట. బెల్లు మోగకపోతే ఇంట్లో మనుషులే లేరనుకుంటే ఎలారా? ముందు బెల్లు తీగ చూడు."

కుర్చీ దగ్గరకు జరుపుకొని కూర్చున్నారు. "ముందు కరెంటు తీసెయ్. తీసేశావా? ఇప్పుడా చిన్న తీగలన్నీ ఊడదియ్. ఒట్టి పిన్నులు లెక్కపెట్టు."

"తొమ్మిది."

"బొమ్మలో?"

"తొమ్మిదే. పది చోట్లలో ఒకటి ఖాళీ."

"ఖాళీ ఎక్కడుంది?"

"పై వరుసలో, కుడి చివర."

"బోర్డు మీద?"

దీపం దగ్గరగా పట్టి చూశాను. నోట మాట రాలేదు. బోర్డు మీద ఖాళీ క్రింది వరుసలో, ఎడమ చివర ఉన్నది.

"చెప్పవేం? రెండుచోట్లా ఒకేలా లేదు కదూ. బోర్డు మారలేదురా అబ్బాయీ. నువ్వే అటువైపు కూర్చున్నావు."

ఎనిమిది పిన్నుల తీగ కోసం త్రిప్పిన పెట్టెను మళ్ళీ త్రిప్పలేదని అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పుస్తకం నాకు అభిముఖంగా ఉన్నది, బోర్డు నాకు తలక్రిందులుగా ఉన్నది. పటంలో ఎడమనున్నది నేను కుడిపిన్నులకు తొడిగాను, పైనున్నది క్రిందిపిన్నులకు తొడిగాను. పవర్ స్విచ్ తొడుగు దిగిన రెండు పిన్నులలో ఒకటి రీసెట్ స్విచ్‌ది, రెండవది హార్డ్‌డిస్క్ దీపానిది. వాటిని కలిపితే యంత్రానికి లేచే సంకేతం ఎక్కడినుంచి వస్తుంది? హార్డ్‌డిస్క్ దీపం తొడుగులో ఒక రంధ్రం ఆ ఖాళీమీదనే కూర్చున్నది. అందుకే ఒక ప్రక్క పట్టు లేదు. లేని పిన్ను తన లేమితోనే నా పొరపాటును చెబుతూ ఉంటే, నేను తయారీదారుని తప్పుగా ఎంచి దాటిపోయాను.

ఇక్కడ శాస్త్రం చేసే ఒక సూక్ష్మమైన నియమాన్ని చెప్పాలి. కనబడకపోవడమంతా అభావానికి ప్రమాణం కాదు. చీకటిగదిలో ఘటం కనబడలేదు కనుక ఘటం లేదనడం తగదు. ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉండి, అప్పుడూ కనబడకపోతేనే అది ప్రమాణం. దానినే యోగ్యానుపలబ్ధి అంటారు. నేను దీపం పట్టి చూడలేదు, సరియైన దిక్కున కూర్చోలేదు. చూసే యోగ్యత సంపాదించకుండానే నిర్ణయాలు చేశాను. ఆ నిమిషంలో అది పిన్నుల విషయమనే అనుకున్నాను.

పెట్టెను సరిగా త్రిప్పాను. "బొత్తాం సంగతి తర్వాత. కరెంటు వేసి, ఆ స్విచ్ పిన్నులు రెండింటికీ నా స్క్రూడ్రైవర్ మొన ఆనించు. ఒక్కసారి తగిలించి తీసెయ్, పక్క పిన్ను తగలనివ్వకు" అన్నారు. పసుపుపచ్చని పిడి గల ఆ స్క్రూడ్రైవర్ దుకాణం మూసిన నాటినుంచి వారి పెట్టెలో ఉన్నది. అది నా చేతికిస్తుంటే వారి చేయి వణికింది, తీసుకుంటుంటే నా చేయి అంతకంటె ఎక్కువగా వణికింది. పటాన్ని రెండుసార్లు సరిచూసుకొని, పై వరుసలో మూడవ, నాలుగవ పిన్నులకు మొన ఆనించాను.

"తిరిగింది" అన్నారు నాన్నగారు. ఫ్యాను కదలడం నేను చూడకముందే వారు విన్నారు.

బోర్డు బాగానే ఉన్నది. మళ్ళీ కరెంటు తీసి, తీగలన్నీ సరియైన చోట్ల పెడుతుండగా, ఎన్నడూ అడగని మాట అడిగాను. "నాన్నగారూ, ఆ రైతు ట్రాన్సిస్టరు మీకు గుర్తుందా?"

వెంటనే జవాబిచ్చారు. వారు కూడా ఆ సాయంత్రమంతా దాని దగ్గరే ఉన్నట్లున్నారు. "గుర్తు లేకేం. ఆ తీగలు రెండూ నల్లవేరా, మాసిపోయి ఒకేలా ఉన్నాయి. విప్పింది నేను. విప్పేముందు దారంతో కాగితం ముక్క కట్టడం నా అలవాటు. ఆ రోజు దుకాణం నిండా జనం, కట్టలేదు. కట్టకుండానే నీ చేతికిచ్చాను. తప్పు నాది. నీ మొహం చూసి ఆ మాట చెప్పలేకపోయాను."

"మరి మళ్ళీ ఎప్పుడూ పిలవలేదేం?"

"పిలుద్దామనే అనుకున్నా. నువ్వు పుస్తకాల్లో పడ్డావు. చదువుకునేవాణ్ణి చెడగొట్టడం ఎందుకులే అనిపించింది. నా కళ్ళూ, నా వేళ్ళూ నీకు రాకూడదని కూడా అనుకున్నాలే."

నేనేమీ అనలేకపోయాను. నలభై ఏళ్ళు ఒక ఘటాభావాన్ని సిద్ధాంతంగా స్థాపించుకొని బ్రతికాను. నాన్నగారి మాటలలో నాకు ఆదరం కనబడలేదు కనుక ఆదరమే లేదన్నాను. ఎటువైపు కూర్చుని చూస్తున్నానో, ఎంత వెలుతురులో చూస్తున్నానో ఒక్కనాడూ విచారించలేదు. కళాశాల సభనాటి మాటకు క్షమాపణ అడగాలని గొంతుదాకా వచ్చింది. అడిగాను కూడా. "ఏ సభరా?" అన్నారు. నిజంగా మరిచారో, మరిచినట్లు నటించారో తెలుసుకొనే సాధనం నా దగ్గర లేదు. ఈసారి ఏ నిర్ణయమూ చేయలేదు.

బొత్తాం నొక్కాను. యంత్రం లేచింది. పెట్టె ముందున్న దీపం మాత్రం వెలగలేదు. ఒంటి తొడుగుల మీద ప్లస్, మైనస్ గుర్తులు సరిగా కనబడక ఊహతో పెట్టిన తీగలవి. సంగతి చెప్పగానే నాన్నగారు నవ్వారు. "రెండూ మార్చి పెట్టు. అది ఒకవైపే వెలిగే దీపం. ఇక్కడ తిరగేస్తే కాలిపోదు, ఊరికే ఉంటుంది. మంచి దీపం." మార్చి పెట్టాను. చిన్న తెల్లని వెలుగు వచ్చింది. వచ్చిందని చెప్పాను. వారు ఆ వైపుకు ముఖం త్రిప్పి, కుడికన్ను చికిలించి, కొంతసేపు చూశారు. వారికి కనబడిందో లేదో నేను అడగలేదు.

మొదటిసారి ఇటువంటి యంత్రాన్ని కూర్చదలచినవారికి నా అనుభవం నేర్పిన నాలుగు మాటలు చెబుతాను. చిన్న తీగలను తాకకముందు ఒట్టి పిన్నులను లెక్కపెట్టండి. లేని పిన్ను ఎక్కడున్నదో చూసి, పటంలోని ఖాళీకీ దానికీ దిక్కు కలిసిన తరువాతనే తొడుగులు ఎత్తండి. స్విచ్ తీగలకు ప్లస్, మైనస్ భేదం లేదు, ఎటు పెట్టినా పనిచేస్తాయి. దీపపు తీగలకు ఆ భేదం ఉన్నది. తెల్లని లేదా నల్లని తీగ సాధారణంగా మైనస్. తొడుగుమీద చిన్న త్రికోణం ఉంటే అది ప్లస్ వైపు. బొత్తానికి యంత్రం పలకకపోతే బోర్డు కాలిందని నిశ్చయించుకోకండి, ముందు గంట తీగను చూడండి. అన్నిటికంటె ముఖ్యంగా, ఇంట్లో తెలిసినవారు ఉంటే అడగండి.

ఆ రాత్రి పడుకోబోయే ముందు నోటుపుస్తకంలోని కాగితం చింపి, చిన్న చీటీలు చేసి, ఒక్కొక్క తీగ పేరూ తెలుగులో వ్రాసి, దారంతో కట్టాను. శనివారం అమ్మాయి వచ్చింది. పెట్టె తలుపు తెరిచి, కోప్పడబోయి, ఆగిపోయింది. "ఈ చీటీలేమిటి నాన్నా?"

"తాతగారి పద్ధతి. వారు తెనాలిలో రేడియో మెకానిక్కు" అన్నాను.

"నాకు తెలియదా ఏమిటి" అంటూ తీగలన్నీ పరిశీలించింది. వెనుక ఫ్యాను తీగకు చీటీ లేదని పట్టుకున్నది. తానే ఒకటి వ్రాసి, దారం తీసుకొని, తాతగారి కుర్చీ దగ్గర నేలమీద కూర్చుంది. "ఊడిపోకుండా ముడి ఎలా వెయ్యాలి తాతయ్యా?"

నాన్నగారు దారాన్ని వ్రేళ్ళతో తడిమి అందుకున్నారు. మొదటిసారి ముడి జారింది, రెండవసారీ జారింది. మేమిద్దరం తొందరపెట్టలేదు. మూడవసారి నిలిచింది.